కార్డుమీద లేని గోడ

కప్పబొమ్మలున్న పాత పోస్టుకార్డులు పోగేస్తుంటాను. క్యోటోలోని కొజాన్‌జీ బౌద్ధాలయపు చిత్రాన్ని అచ్చేసిన జపాన్ కార్డులో కప్ప కుందేలును కుస్తీలో పడగొడుతుంది. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. మనసు చిక్కుకునేది మాత్రం జర్మనీ కప్పరాజు కార్డుల దగ్గరే. బావిగట్టు, బంగారు బంతి, బతిమాలుతున్న కప్ప.

గ్రిమ్ సోదరుల 1812 నాటి కథలో ముద్దు లేదు. బంతి తీసిచ్చిన కప్ప పళ్ళెంలో తిని, పక్కలోకీ వస్తానంటుంది. ఇచ్చిన మాట తప్పొద్దంటాడు తండ్రి. ఆమె అసహ్యంతో దాన్ని గోడకేసి కొడుతుంది. అప్పుడే అది రాకుమారుడవుతుంది. నా దగ్గరున్న ఒక్క కార్డులోనూ ఆ గోడ లేదు.

మాటిస్తే ఒళ్ళు కూడా అందులో లెక్కేనా? పెళ్ళిచూపులయ్యాక నేను వద్దంటే నాన్నా "మాటిచ్చాం" అన్నారు. ఇచ్చింది ఆయన. రాకుమారి తనే ఇచ్చింది, పైగా సాయమూ పొందింది. అయినా నేను ఆమె వైపే. ఎందుకో కప్పకు సమాధానం చెప్పలేకపోతున్నాను.