నోటిశుద్ధి – అంగడిశుద్ధి

దిగంబర మునుల 28 మూలగుణములలో అదంతధావనము, అనగా పండ్లు తోముకొనకుండుట, ఒకటి. దేహముపై మమకారము విడిచినవారికి అది తగును. గృహస్థునకు ఆ నియమము లేదు. అతడు పండ్లు తోముకొనవలసినదే. కాని దేనితో తోముకొనవలెనను ప్రశ్న శ్రావకునకు చిన్నది కాదు.

వేపపుల్ల విరిచినను ఏకేంద్రియ జీవికి బాధయే. గృహస్థుడు దానిని పూర్తిగా తప్పించుకొనలేడు, తగ్గించుకొనగలడు. త్రసజీవుల విషయము వేరు. పండ్లపొడులలో వాడు కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజమునుండియు రావచ్చును, ఎముకలనుండియు రావచ్చును. పేస్టులోని గ్లిసరిన్ నూనెగింజలదైనను కావచ్చును, జంతువుల కొవ్వుదైనను కావచ్చును. సముద్రఫేనము అను పేరు విని అది కడలినురుగే యనుకొనువారు కలరు. నిజమునకు అది కటిల్‌ఫిష్ అను జలచరము లోపలి గుల్ల.

కావున పండ్లపొడిని ఇంటనే చేసికొనుట మేలు. మెత్తని సుద్దపొడి నాలుగు పాళ్లు, కరక్కాయ పెచ్చుల పొడి ఒక పాలు, సైంధవలవణము అరపాలు, నాలుగైదు లవంగములు కలిపి నూరి, పలుచని గుడ్డతో జల్లించవలెను. బొగ్గు, ఇటుకపొడి కలుపరాదు. అవి పంటిపై గట్టిపొరను అరుగదీయును. తేనె మనకు నిషిద్ధము. తడిపి నిలువచేయరాదు. వడగట్టిన నీటికి గడువు ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు. అందుచేత పొడిని పొడిగానే దాచి, ఏ పూటకాపూట తడుపుకొనవలెను.

ఇచ్చట సత్యవ్రతమును మరువరాదు. ఇంటిపొడి పాచిని తీయును. కాని పిప్పిపండ్లను అరికట్టు ఫ్లోరైడు అందులో లేదు. పిల్లల పండ్లు పుచ్చుచున్నచో వైద్యుని అడిగి, ఖనిజములతోను వృక్షసంబంధమైన గ్లిసరిన్‌తోను చేసిన ఫ్లోరైడు పేస్టును వాడుట దోషము కాదు.

అసలు ప్రశ్న ఇంటిలో కాక అంగడిలో ఎదురగును. తన నోట పెట్టుకొనని వస్తువును పరుల నోటికి అమ్మవచ్చునా? “నేను చేయలేదు, కొని అమ్మితిని” అని వర్తకుడు చెప్పుకొనవచ్చును. కాని హింస కృతము, కారితము, అనుమోదితము అని మూడు విధములు. 12వ శతాబ్దమునాటి హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో శ్రావకుడు విడువవలసిన 15 కర్మాదానములను వివరించిరి. వానిలో దంతవాణిజ్యమొకటి. ఏనుగు దంతములే కాక ఎముకలు, గోళ్లు, వెండ్రుకలు, చర్మము మున్నగువాని వర్తకము కూడ అందు చేరును.

ప్రతి డబ్బాలోని ప్రతి పదార్థము పుట్టుక ఏ వర్తకుడును ఎరుగలేడు. కాని అడుగగలడు. తయారుచేయువారికి ఉత్తరము వ్రాయగలడు. సమాధానము రానిచో, తెలియదని కొనువారికి చెప్పగలడు. ఎముక కలదని తెలిసిన సరకును తెప్పించుట మానగలడు. దానివలన కొంత బేరము పోవును. ఆ నష్టమును ఓర్చుకొనుటయే వ్రతము. ఇంట పొడి నూరుటకు ఒక గంట చాలును. దుకాణపు అలమారను శుద్ధిచేయుటకు ధైర్యము కావలెను. శ్రావకునకు రెండును విధులే.