నిగ్రహానికి ముందు సామర్థ్యం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం చెంత వెలసిన పారిశ్రామిక వాడ విద్యాసాగరుని పేరు ధరించి ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగువారి సంతతి ఈ పట్టణంలో నేటికీ గణనీయంగా ఉంది. రాత్రి షిఫ్టు ముగించుకొని ఒంటరిగా ఇల్లు చేరవలసిన శ్రామికునికి, కర్మాగారం గేటు వద్ద నిలిచే కాపలాదారుకు ఆత్మరక్షణ కేవలం సిద్ధాంత చర్చ కాదు. అట్టివాడు 'ఐకిడో నేర్చుకుంటే నిజంగా అక్కరకు వస్తుందా?' అని అడిగితే మనమేమి చెప్పాలి?

ఉయెషిబా మొరిహెయి (1883-1969) తకెదా సొకాకు వద్ద అభ్యసించిన దైతో శాఖ జుజుత్సు నుంచి ఈ విద్యను రూపొందించాడు. 1942 నాటికి దానికి ఐకిడో అన్న పేరు స్థిరపడింది. ఎదుటివాని బలాన్ని బలంతో ఢీకొనక, దాని వెంట తిరిగి, దారి మళ్లించి, మణికట్టునో మోచేతినో బంధించి పడవేయడం దీని పద్ధతి. ఎదుటివానికి సైతం హాని తలపెట్టరాదన్నది దీని ఆదర్శం.

ఆక్షేపణ కూడా బలమైనదే. మన తాలింఖానాలలో మల్లుని విద్యకు పరీక్ష కుస్తీపట్టే. 1882లో కానో జిగొరో స్థాపించిన జూడోలోనూ లొంగని ప్రత్యర్థితో పెనుగులాట తప్పదు. ఆ జూడోను నేర్పడానికి 1929లో తకగాకి శాంతినికేతనానికి వచ్చాడు. ఐకిడో శాఖలలో అధికభాగం పోటీలను అంగీకరించవు. ఒకడు ముందే అనుకున్న రీతిలో దాడిచేస్తాడు, అనుకున్న రీతిలోనే పడిపోతాడు. ఇది ఒడ్డున నేర్చిన ఈత వంటిది. ఈ లోపాన్ని గుర్తించిన శిష్యుడు తొమికి కెంజి (1900-1979) పోటీ అభ్యాసాన్ని ప్రవేశపెట్టాడు. గురువుకు అది సమ్మతం కాలేదు.

మరొక శిష్యుడు షియోదా గొజో (1915-1994) శాఖలో టోక్యో పోలీసులు శిక్షణ పొందుతూ వచ్చారు. దీనిని నిరూపణగా చూపేవారున్నారు. అయితే పోలీసు పని ప్రత్యర్థిని ఓడించడం కాదు, గాయపరచకుండా అదుపులోకి తీసుకోవడం. కనుక విద్య ప్రయోజనం దేనికన్నది తేల్చకుండా పనికివస్తుందా అని అడగడం అసంపూర్ణమైన ప్రశ్న. మన చట్టం కూడా ఇదే దిశను చూపుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షను ప్రకారం, ఆత్మరక్షణ హక్కు అవసరానికి మించిన హాని కలిగించేందుకు వర్తించదు.

అంతమాత్రాన ఆదర్శాన్ని అడ్డుపెట్టుకొని పరీక్షను తప్పించుకోవచ్చునా? కొట్టగలిగి కొట్టనివానిది నిగ్రహం. కొట్టలేక ఊరకున్నవానిది నిస్సహాయత. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కాబట్టి సామర్థ్యాన్ని పరీక్షకు పెట్టడం అహింసకు విరుద్ధం కాదు, అహింసకు అర్థం చేకూర్చే మొదటి మెట్టు. లేని రక్షణను ఉన్నట్లు నమ్మించే గురువు, శిష్యుని ప్రమాదానికి ఎదురు పంపినవాడవుతాడు.

ప్రతి విద్యకూ ఒక హద్దు ఉంది. ఖరగ్‌పూర్ చెంతనే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి, సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అసువులు బాసారు. ఏ పట్టు ఆ తూటాలను ఆపగలిగేది కాదు. అక్కడే 1951లో సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది.

కనుక కాపలాదారుకు మన సమాధానం ఇది: దెబ్బ తగలకుండా పడడం నేర్చుకో, నూనె చిందిన నేల మీద జారినా ఆ విద్య కాపాడుతుంది. పట్టు విడిపించుకోవడం, దూరం పాటించడం నేర్చుకో. లొంగని తోటివానితో తరచు పరీక్షించుకో. కత్తి కనిపిస్తే, వీలున్నంతవరకు, తప్పుకొని పారిపో. పారిపోవడంలో అవమానం లేదు. ఇంత మాత్రం నిజాయితీగా చెప్పగల గురువు వద్ద ఐకిడో పనికివస్తుంది.