వినడమే తొలి సంధి

కౌశాంబి విహారంలో పెద్ద తగవు ఒకటి చెంబెడు నీళ్ల దగ్గర మొదలైందని బౌద్ధ వాఙ్మయం చెబుతుంది. ఒక భిక్షువు మరుగుదొడ్డి పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చి వచ్చాడు. అది నియమభంగమని మరో భిక్షువు ఎత్తిచూపాడు. తెలియక చేస్తే దోషం లేదని అప్పటికి సర్దిచెప్పిన ఆయనే, తర్వాత తన శిష్యుల దగ్గర తప్పు తప్పేనన్నాడు. ఆ మాట చెవులు మారి విహారం రెండు పక్షాలైంది. బుద్ధుడు స్వయంగా నచ్చజెప్పినా వాళ్లు వినలేదు. ఆయన ఆ చోటు విడిచి అడవికి వెళ్లిపోయాడు. ఊళ్లోవాళ్లు భిక్ష మానేశాక గానీ వాళ్లకు కళ్లు తెరిపిడి పడలేదు. మూడో తరగతి పిల్లల పెన్సిల్ గొడవ కూడా అచ్చం ఇలాగే సాగుతుంది. పోయింది పెన్సిలే అయినా దెబ్బ తగిలేది అభిమానానికి. అలాంటప్పుడు పైనుంచి వచ్చిన తీర్పు, అది ఎంతటివారిదైనా, నోరు మూయిస్తుందే తప్ప మనసు మార్చదు.

అందుకేనేమో భిక్షుసంఘం తగవులు తీర్చుకోవడానికి ఏర్పరచుకున్న ఏడు పద్ధతుల్లో మొదటిది సమ్ముఖ వినయం. అంటే ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చుకోవడం. అమెరికాలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు 1972లో న్యూయార్క్ బడుల్లో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టిన తగవులు తీర్చుకునే విద్య కూడా దీనికి దగ్గరిదే. ప్రతి మనిషిలోనూ దైవజ్యోతి ఉందని నమ్మి, మౌనంగా కూర్చుని ప్రార్థించే సంప్రదాయం వాళ్లది. ఇప్పుడు చాలా దేశాల ప్రాథమిక పాఠశాలల్లో తోటి పిల్లలే మధ్యవర్తులవుతున్నారు. పద్ధతి చాలా తేలిక. రాజీకి ఇష్టమేనా అని ముందు ఇద్దరినీ అడుగుతారు. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారు అడ్డు రాకూడదు, తిట్టకూడదు, నిజమే చెప్పాలి. విన్నదాన్ని మధ్యవర్తి తన మాటల్లో తిరిగి చెప్పి, ‘నువ్వన్నది ఇదేనా?’ అని అడుగుతాడు. పరిష్కారం మాత్రం తగవు పడ్డవాళ్లే వెతుక్కోవాలి.

గీత పదిహేడో అధ్యాయం వాక్కుకు సంబంధించిన తపస్సును చెబుతుంది. ఎదుటివారిని నొప్పించనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన మాట ఆ తపస్సులో భాగం. పెద్దలు ఏళ్ల తరబడి సాధన చేసే ఈ నిగ్రహాన్ని ఎనిమిదేళ్ల పిల్ల బడి మెట్ల మీద కూర్చుని పది నిమిషాలు పాటిస్తుంది. ఇది వట్టి ఆశ కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే సోదరులు ఏళ్ల తరబడి పరిశీలించి చెప్పింది కూడా ఇదే. శిక్షణ లేని పిల్లలు ఎదుటివాడి మీద గెలవాలని చూస్తారు, లేదంటే టీచర్ దగ్గరికి పరుగెత్తుతారు. శిక్షణ పొందినవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత మనకుంది. పిల్లల మధ్యవర్తి కూడా తన దోస్తు పక్షానే మొగ్గుతాడేమో అన్న సందేహం న్యాయమైనదే. అయితే ఆ పిల్లి చేతిలో తీర్పు ఉంది, ఈ పిల్లవాడి చేతిలో అది లేదు. ఎవరిది తప్పో చెప్పే అధికారమే లేనివాడికి మొగ్గు చూపే వీలూ తక్కువే. ఇక, బలవంతుడు బలహీనుణ్ని రోజూ ఏడిపిస్తుంటే అది తగవు కాదు, పీడన. అక్కడ రాజీ మాట ఎత్తితే అన్యాయమే అవుతుంది. పెద్దలే అడ్డుపడాలి. కృష్ణుడి రాయబారమే ఫలించలేదు కదా అని కొందరు అనవచ్చు. పాండవులకు అయిదూళ్లైనా ఇమ్మన్న మాట దుర్యోధనుడి చెవికెక్కలేదంటే, అతడు రాజీకి సిద్ధపడనే లేదు. ఇద్దరి ఇష్టాన్నీ ముందు అడగాలన్న బడి నియమం ఎంత విలువైనదో ఆ కౌరవసభే చెబుతుంది.

ఈసారి మీ ఇంట్లో పిల్లలిద్దరూ కటీఫ్ చెప్పుకుని మీ దగ్గరికి పరుగెత్తుకొస్తే, తప్పెవరిదని అడగకండి. ‘వాడేమన్నాడో నువ్వు చెప్పు, నువ్వేమన్నావో వాడు చెబుతాడు’ అనండి. ఆపైన కాసేపు మీరు మౌనంగా ఉండండి.