దేవుడితో గొడవ పడొచ్చా? దావీదు, రామదాసు, మా నాన్న

 

ఈ వారం వీడియోలో రామదాసు గారి గురించి మాట్లాడాను కదా, అందులో చివరి నాలుగు నిమిషాలు ఎడిటింగ్‌లో కోసేశాను. మాట్లాడుతుంటే గొంతు పట్టేసింది, చూడ్డానికి బాలేదు. ఆ నాలుగు నిమిషాలే ఈ పోస్టు. ఇందులో బైబిల్ ఊసు కూడా వస్తుంది. కంగారు పడకండి, నేనేమీ మారిపోలేదు. ఇవన్నీ మా అమ్మ కూడా చదువుతుంది.

పోయినేడాది మూడు నెలలు మన వీడియోలు ఆగిపోయాయి. "అన్నా, ఆఫీసులో బిజీనా?" అని చాలామంది అడిగారు. అవునన్నాను. అబద్ధం. నాన్నకి గుండె ఆపరేషన్ అయింది, తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చింది, పదకొండు రోజులు ఐసీయూలో ఉండి వెళ్ళిపోయారు. దానికి సరిగ్గా నెల ముందు నేను పెట్టిన వీడియో ఏంటో తెలుసా? "ప్రతి ఉదయం కృతజ్ఞతతో మొదలుపెట్టండి." లైకులు కూడా బాగానే వచ్చాయి.

ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఇయర్‌ఫోన్స్‌లో విష్ణు సహస్రనామం పెట్టుకునేవాణ్ణి. ఒక్క నామం లోపలికి దిగేది కాదు. కోపం వచ్చేది. ఏం తక్కువ చేశాం స్వామీ, నాన్న ఏ ఏడాదీ శ్రీరామనవమి పానకం మానలేదు కదా అని. ఆ వెంటనే భయం వేసేది. నేను ఇలా అనుకున్నందుకు స్వామికి కోపం వచ్చి లోపల నాన్నకి ఏమైనా అయితే? అందుకని కోపాన్ని మింగి "అంతా నీ దయ" అనేవాణ్ణి. మళ్ళీ కోపం. రాత్రంతా ఇదే లూపు, ఎగ్జిట్ కండిషన్ లేదు.

మా రూమ్మేటు గుంటూరు వైపువాడు, క్రిస్టియన్. మియాపూర్ ఫ్లాట్‌లో నాలుగేళ్ళుగా ఒకే గది. రాత్రి పడుకునే ముందు కీర్తనల గ్రంథంలో ఒక కీర్తన చదవడం వాడి అలవాటు, అదీ పైకి. తెలుగు బైబిల్ భాష మీకు తెలుసు కదా, పక్కా గ్రాంథికం. మధ్యమధ్యలో "సెలా" అని వస్తుంది. మొదట్లో నేను అది "సెలవా?" అనుకున్నాను, దేవుణ్ణి లీవు అడుగుతున్నారేమో అని. తర్వాత తెలిసింది, ఆ హీబ్రూ మాటకి ఖచ్చితమైన అర్థం పండితులకే తేలలేదట. పాట మధ్య విరామం అని కొందరి ఊహ. ఇంకో చోట దేవుడు భక్తుడి కన్నీళ్ళని బుడ్డిలో పట్టి ఉంచుతాడని ఉంటుంది. మా హాస్టల్లో బుడ్డి అంటే వేరే అర్థం ఉండేది కాబట్టి ఆ రాత్రి ఇద్దరం నవ్వలేక చచ్చాం. వాడు కూడా నవ్వాడు, రికార్డు కోసం చెబుతున్నా.

ఆరో రోజు రాత్రి వాడు ఇడ్లీ పార్సెల్ పట్టుకుని హాస్పిటల్‌కి వచ్చాడు. "అంతా బాగైపోతుంది రా" అనలేదు. అందుకే వాడంటే నాకు గౌరవం. నేనే ఉండబట్టలేక అడిగాను: "మీ పుస్తకంలో అన్నిటికన్నా ఏడుపు కీర్తన ఏదిరా?" కాసేపు ఆలోచించి ఫోన్‌లో 88వ కీర్తన తీశాడు.

అది హేమాను అనే ఆయన పేరు మీద ఉంది. రాత్రీ పగలూ మొర పెడుతున్నా వినవేం, నా వాళ్ళందర్నీ నాకు దూరం చేశావు, ముఖం ఎందుకు దాచుకున్నావు అంటాడు. చివర్లో వెలుగు వస్తుందని చూస్తూ ఉన్నాను. మన వీడియోలన్నీ అలాగే ముగుస్తాయి కదా, కష్టం, ఆ తర్వాత ఫ్లూటు మ్యూజిక్. రాలేదు. ఆ కీర్తన చీకటి అనే మాట దగ్గర ఆగిపోతుంది. "అయిపోయిందా?" అన్నాను. "అయిపోయింది" అన్నాడు వాడు. ఇద్దరం ఇడ్లీ తిన్నాం.

చెబితే వింతగా ఉంటుంది కానీ ఆ రాత్రి నాకు రెండు గంటలు నిద్ర పట్టింది. దేవుణ్ణి ఇంతేసి మాటలన్నవాణ్ణి ఆ పుస్తకంలోంచి ఎవరూ తీసేయలేదు. వేల ఏళ్ళుగా గుళ్ళలో, చర్చిల్లో చదువుతూనే ఉన్నారు.

తర్వాత, నాన్న పోయాక, తీరిగ్గా ఆ పుస్తకం మొత్తం చదివాను. 150 కీర్తనలు, 5 భాగాలు. 73 దావీదు పేరు మీద ఉన్నాయి. 119వది 176 వచనాలు, హీబ్రూ అక్షరాలు 22 వరసగా తీసుకుని ఒక్కోదానికి ఎనిమిదేసి వచనాలు కట్టారు. మన శతకకారులు చూస్తే ముచ్చటపడేవారు. 117వది రెండే వచనాలు, దాన్ని రూమ్మేటు నైట్ షిఫ్టు రోజులకి దాచుకుంటాడని నా అనుమానం. అన్నీ నాకు నచ్చలేదు. శత్రువుల పిల్లాపాపల్ని కూడా కలిపి శపించేవి ఉన్నాయి, అవి చదువుతుంటే గుండె రాయి అవుతుంది. కానీ స్తుతి పుస్తకం అనుకుని తెరిస్తే అందులో ఇంత ఫిర్యాదు ఉంటుందని నేను ఊహించలేదు. 13వది చూడండి. ఆరే వచనాలు. మొదటి రెండిట్లోనే "ఎన్నాళ్ళు" అని నాలుగు సార్లు అడుగుతాడు. ప్రొడక్షన్ డౌన్ అయితే క్లయింటు పెట్టే మెయిల్ లాగానే ఉంటుంది. తీరా చివరికొచ్చేసరికి నీ దయని నమ్ముకున్నాను, పాడతాను అంటాడు. మధ్యలో దేవుడు ఏమైనా జవాబిచ్చాడా? ఇవ్వలేదు. ఇష్యూ అలాగే ఉంది.

44వ కీర్తనలో యుద్ధంలో ఓడిపోయినవాళ్ళు దేవుణ్ణి నిద్ర లేవమంటారు. 121వ కీర్తనలో యాత్రికులేమో మా దేవుడు కునుకైనా తీయడు అంటారు. "ఇంతకీ పడుకుంటాడా, పడుకోడా?" అని రూమ్మేటుని ఆటపట్టించాను. వాడు తడుముకోకుండా "మీరు రోజూ పొద్దున్నే సుప్రభాతం పాడి లేపుతారు కదరా, సర్వాంతర్యామికి నిద్రేంటి మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రద్దీ రోజుల్లో తిరుమలలో ఏకాంత సేవ అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది, తెల్లారకముందే మళ్ళీ సుప్రభాతం. పాపం స్వామికి నైట్ షిఫ్టూ డే షిఫ్టూ రెండూనూ అని మాత్రం అన్నాను.

అప్పుడు గుర్తొచ్చారు రామదాసు గారు. ఎంత మూర్ఖుణ్ణి, ఇంట్లో ఉన్నదాన్ని పక్కింట్లో చూసి గుర్తుపట్టాను. కంచర్ల గోపన్న, 17వ శతాబ్దం, తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టాడని గోల్కొండ ఖైదులో వేశారు, కథ ప్రకారం 12 ఏళ్ళు. ఇక్ష్వాకు కులతిలకుణ్ణి పలకమని అడిగే ఆ కీర్తన మీకు తెలిసే ఉంటుంది. అది కీర్తనా, ఖర్చుల పద్దా? భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, సీతమ్మకి చింతాకు పతకం, ఒక్కోదానికి ఎంతయిందో ధరతో సహా చదువుతారు. పెట్టుకుని కులుకుతున్నావు, ఇవన్నీ మీ నాన్న ఇచ్చాడా, మీ మామ పంపాడా అని రాముణ్ణే నిలదీస్తారు. ఆ వెంటనే, అదే పాటలో, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, ఏమీ అనుకోకు అంటారు. అక్కడా అంతే. తిట్టుకీ క్షమాపణకీ మధ్య రాముడు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఖైదు తలుపూ తెరుచుకోలేదు.

మన పోతన గజేంద్రుడు కూడా మొసలి నోట్లో కాలుండగా, ఉన్నాడంటున్న ఆయన అసలు ఉన్నాడా అని అనుమానపడ్డవాడే. విష్ణువు దాన్ని తప్పుగా లెక్కేసినట్టు భాగవతంలో ఎక్కడా లేదు. చేతిలో ఆయుధాలైనా తీసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

మరి నాన్న దగ్గరికి ఎందుకు రాలేదు? తెలీదు నాకు. ఈ ప్రశ్నకి "కర్మ", "ఆయన ప్లాన్" అని రెండు రెడీమేడ్ జవాబులు నేనే పాత వీడియోల్లో చెప్పాను. ఇప్పుడవి తీసేద్దామా అని ఆలోచిస్తున్నా. ప్రస్తుతానికి రోజూ పొద్దున దీపం పెట్టి అడుగుతున్నాను, అంతే. భయం మాత్రం పోయింది.

నాన్న రెవెన్యూ డిపార్ట్‌మెంట్లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనలు ఆయనకి ప్రాణం. ప్రతిసారీ "మా డిపార్ట్‌మెంటాయనేరా" అని గర్వంగా చెప్పేవారు. చింతాకు పతకం దగ్గరికి రాగానే తల అడ్డంగా ఊపి "ఎస్టిమేట్ శాంక్షన్ కాకుండా పని మొదలెడితే ఆడిట్‌లో ఇలాగే అవుతుంది" అనేవారు. వెయ్యిసార్లు విన్నాం ఆ జోకు. విసుక్కునేవాళ్ళం.

సంవత్సరీకం అయిన మర్నాడు, ఏడాది తర్వాత మొదటిసారి ఆ పాట ఇంట్లో పెట్టాను. హాల్లో రూమ్మేటు కూడా ఉన్నాడు. భరతుడి పతకం అయింది, శత్రుఘ్నుడి మొలతాడు అయింది. సీతమ్మ పతకం వచ్చేసరికి నేను సౌండు తగ్గించబోయాను. వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఎస్టిమేట్ ఏదీ అని అడిగేవారు కదరా మీ నాన్న."

సౌండు తగ్గించలేదు. పాట అయ్యేదాకా ముగ్గురం ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం.