అడిగేవారు లేని మాట

వాక్య పఠనం: 2 సమూయేలు 9:1–13
తోడుగా చదవండి: 1 సమూయేలు 20:12–17, యాకోబు 1:27

1916 జూలై 23న ఆస్ట్రేలియా సైనికులు ఫ్రాన్సులోని పొజియేర్ అనే చిన్న ఊరి మీద దాడికి దిగారు. ఊరు వాళ్ల చేతికి చిక్కింది. అది మొదలు జర్మన్ ఫిరంగులు రాత్రీ పగలూ ఆ ఊరి మీదే గుండ్లు కురిపించాయి. ఏడు వారాలు తిరగకముందే చనిపోయినవారు, గాయపడినవారు కలిసి ఆస్ట్రేలియా నష్టం దాదాపు 23,000కు చేరింది. వారిలో ఎవరినీ ప్రభుత్వం బలవంతంగా సైన్యంలో చేర్చలేదు. రైతులు, గని కూలీలు, గుమాస్తాలు, కమ్మరులు తమంతట తామే పేరు రాయించుకుని సముద్రాలు దాటి వచ్చారు.

ఆ పొజియేర్‌లోనే ఒక సైనికుడు కొనఊపిరితో ఉన్న తన స్నేహితుడికి ఒక మాట ఇచ్చాడని ఆస్ట్రేలియాలో తరతరాలుగా చెప్పుకుంటారు. నీ భార్యాపిల్లల్ని నేను చూసుకుంటాననేదే ఆ మాట. ఆ కథలో ఇద్దరికీ పేర్లు లేవు. అలాంటి మాట ఇచ్చినవారు ఆ యుద్ధంలో ఎందరో ఉండి ఉంటారు.

యోనాతానూ దావీదూ పొలంలో నిలబడి చేసుకున్న నిబంధన కూడా ఇలాంటిదే. తాను చనిపోయినా తన సంతతి మీద దయ మానవద్దని యోనాతాను అడిగాడు. దావీదు ఒప్పుకున్నాడు. కొన్నేళ్లకు యోనాతాను గిల్బోవ కొండ మీద యుద్ధంలో కూలిపోయాడు, దావీదు రాజయ్యాడు. ఇక ఆ మాట గుర్తుచేయడానికి ఎవరూ లేరు, తప్పితే నిలదీసేవారూ లేరు. పైగా ఆ కాలంలో కొత్త రాజు పాత రాజు వంశంలో మిగిలినవారి కోసం ఆరా తీస్తే చాలు, అది ప్రాణం తీయడానికేనని జనం వణికిపోయేవారు. దావీదు ఆరా తీసింది మాత్రం మేలు చేయడానికి.

యోనాతాను తండ్రి సౌలు రాజు ఇంటి సేవకుడైన సీబా దావీదుకు చెప్పిన జవాబు వినండి. యోనాతాను కొడుకు ఒకడున్నాడు, అతనికి రెండు కాళ్లూ కుంటివి. అతని పేరు మెఫీబోషెతు. తండ్రి చావు కబురు వచ్చినప్పుడు అతనికి ఐదేళ్లు. దాది భయంతో ఎత్తుకుని పరుగెడుతుంటే కిందపడ్డాడు, కాళ్లు పోయాయి. గిల్బోవ ఎక్కడ, ఈ పసివాడు ఎక్కడ? అయినా ఆ యుద్ధం అతన్ని కూడా గాయపరచింది. లెక్క రాసుకునేవారెవరూ అలాంటి పిల్లల్ని క్షతగాత్రుల పట్టీలో చేర్చరు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆస్ట్రేలియా జనాభా 50 లక్షలు కూడా లేదు. వారిలో 4 లక్షలకు పైగా సైన్యంలో చేరితే 60,000 మందికి పైగా తిరిగి రాలేదు. కొడుకో భర్తో పోయాడన్న కబురును ఇంటికి తెచ్చే భారం తరచుగా సంఘకాపరుల మీద పడేది. కాపరి తమ వీధిలోకి వస్తున్నాడంటే తల్లుల గుండెలు అదిరిపోయేవి. అలాంటి ప్రతి గడపలోనూ గిల్బోవ అడుగుపెట్టింది.

ఆ రోజుల్లో తిరిగొచ్చినవారిలో స్టాన్లీ సావిజ్ ఒకడు. విక్టోరియా రాష్ట్రంలోని మోర్వెల్‌లో పుట్టాడు, పన్నెండేళ్లకే బడి మానాడు. 1915లో మామూలు సిపాయిగా 24వ బెటాలియన్‌లో చేరాడు. గలిపోలి చూశాడు, ఫ్రాన్సు చూశాడు. 1918 ఆగస్టులో పర్షియాలో ఉండగా, ఉర్మియా ప్రాంతం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోతున్న అస్సీరియన్ క్రైస్తవులు అతనికి ఎదురయ్యారు. వేలకు వేల జనం. ముసలివాళ్లు, పిల్లలు, చంటిబిడ్డల తల్లులు ఆ గుంపులో వెనకబడిపోతున్నారు, తరుముకొస్తున్నవారి కత్తికి వాళ్లే ముందు దొరుకుతున్నారు. సావిజ్ కొద్దిమంది సైనికులతో ఆ గుంపు చివరికి వెళ్లి, అందరికంటే వెనకబడినవారికి కూడా వెనక నిలబడి పోరాడాడు.

యుద్ధం ముగిశాక ఈ ధైర్యానికి ఏం పని? 1922లో జనరల్ జాన్ గెల్లిబ్రాండ్ హోబార్ట్ నగరంలో తిరిగొచ్చిన సైనికులు ఒకరికొకరు అండగా ఉండేందుకు ఒక సంఘం పెట్టారు. ఆయన ప్రోత్సాహంతో సావిజ్ 1923లో మెల్‌బోర్న్‌లో అలాంటిదే ప్రారంభించాడు. దాని పేరు లెగసీ. తిరిగొచ్చినవారికీ కష్టాలు తక్కువేమీ కావు. చాలామందికి పని దొరకలేదు, చాలామందికి రాత్రుళ్లు నిద్ర లేదు, కొందరు తాగుడులో మునిగిపోయారు. తమ సంగతి తాము చూసుకోవడానికే కూడిన సంఘం అది, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ 1925లో ఫ్రాంక్ సెలెక్ అనే సభ్యుడు చనిపోయిన మన స్నేహితుల పిల్లల మాటేమిటని అడిగాడు. అతనూ 24వ బెటాలియన్ సైనికుడే. ఆ ప్రశ్నతో సంఘం దారే మారిపోయింది.

అప్పటినుంచి లెగసీ సభ్యులు తండ్రి లేని ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. పెన్షన్ కాగితాలు నింపారు. పిల్లల చదువు గురించి, చేయబోయే పని గురించి తల్లితో కూర్చుని మాట్లాడారు. పిల్లలకు సాయంత్రపు తరగతులు, వ్యాయామం, సెలవుల్లో శిబిరాలు ఏర్పాటు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం మరిన్ని కుటుంబాలను వాళ్ల చేతుల్లో పెట్టింది. 2023లో నూరేళ్లు నిండినప్పుడు లెగసీ ఒక దివిటీ యాత్ర జరిపింది. ఆ యాత్ర పొజియేర్‌లోనే మొదలైంది.

ప్రియులారా, ఫిరంగుల మధ్య నిలబడిన ధైర్యం గొప్పదే, దానికి పతకాలిస్తారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు, తన కడుపున పుట్టని పిల్లవాడి బడి జీతం గురించి ఆలోచించడానికి కూడా ధైర్యం కావాలి. దానికి పతకం లేదు. చనిపోయిన స్నేహితుడు వచ్చి అడగడు. మరచిపోయినా ఎవరికీ తెలియదు. అడిగేవారు లేని మాటను నిలబెట్టుకునేవాడిలోనే మన దేవుని నమ్మకత్వం కనబడుతుంది.

మెఫీబోషెతు కథ చివరి వచనంలో రెండు సంగతులు పక్కపక్కనే ఉన్నాయి. అతను ఎప్పుడూ రాజు బల్ల దగ్గరే భోంచేసేవాడు. అతని కాళ్లు రెండూ కుంటివే. దావీదు దయ ఆ కాళ్లను బాగుచేయలేకపోయింది, యోనాతానును తిరిగి తేలేకపోయింది. కానీ అతనికి రోజూ ఒక చోటు ఇచ్చింది. మనం కూడా ఎవరి దుఃఖాన్నీ పూర్తిగా తుడిచేయలేం. పక్కన చోటు ఇవ్వగలం. క్రీస్తును బట్టి తండ్రి మనకు ఇచ్చిన చోటు అలాంటిదే. మన కుంటితనం చూసి ఆయన మనల్ని బల్ల దగ్గర నుంచి లేపేయలేదు.

మన సంఘాల్లో భూస్థాపన రోజున అందరం ఆ ఇంటి ఇల్లాలితో ఏదైనా అవసరముంటే చెప్పమ్మా అంటాం. మనసారానే అంటాం. కానీ ఆమె ఎలా చెబుతుంది? ఏమని చెబుతుంది? దావీదు కబురు వచ్చేదాకా ఆగలేదు, తానే అడిగి తెలుసుకుని లోదెబారుకు మనిషిని పంపాడు. లెగసీ సభ్యులూ తామే గుమ్మం దాకా వెళ్లారు. వితంతువునూ తండ్రి లేని పిల్లల్నీ పరామర్శించమని యాకోబు రాసిన మాటకు కాళ్లు ఉండాలి. జూన్‌లో ఫీజు కట్టే రోజున, ఆఫీసులో సంతకం కోసం తిరిగే రోజున, మొదటి క్రిస్మస్ నాడు మనం ఆ ఇంట్లో ఉండాలి.

ఈ రోజు చేయవలసింది: మీరు ఒకప్పుడు మాట ఇచ్చి, అవతలివారు లేకపోవడం వల్ల మరుగున పడిపోయినదాన్ని గుర్తు తెచ్చుకోండి. వారి ఇంట్లో మిగిలిన ఒకరి పేరు రాసుకుని, ఈ వారమే వెళ్లి కలవండి.

ప్రార్థన: నమ్మదగిన తండ్రీ, నీవు అబ్రాహాముతో చేసిన ప్రమాణాన్ని తరతరాలకూ మరువలేదు. మేము ఇచ్చి మరచిన మాటలను క్షమించు. యుద్ధాలు అనాథలుగా చేసిన పిల్లలను ఏ దేశంలో ఉన్నా కాపాడు. అందరికంటే వెనకబడినవారి వెనక నిలబడే ధైర్యం మాకు దయచేయి. మేము వెళ్లవలసిన గడప ఏదో నేడే చూపించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.