చెప్పుల జత చెప్పిన సంగతి

చెప్పుల జతకు రెండు ఉపయోగాలంటాడు అరిస్టాటిల్. కాళ్లకు తొడుక్కోవడం ఒకటి, ఇచ్చి ఇంకేదైనా తెచ్చుకోవడం రెండోది. రెండూ చెప్పులతో అయ్యే పనులే, కాకపోతే చెప్పులు పుట్టింది మారకానికి కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు ‘పాలిటిక్స్’ గ్రంథం మొదటి భాగంలో ఈ చిన్న మాట పట్టుకుని ఆయన చాలా దూరమే వెళ్లాడు.

గ్రీకులో ‘ఓయికోస్’ అంటే ఇల్లు. ఇంటిని నడిపే నేర్పు ‘ఓయికోనోమియా’. ఈనాటి ఎకానమీ అన్న మాట అక్కడిదే. ఇంటికీ ఊరికీ కావలసినవి సమకూర్చడం దాని పని. సొమ్ము పోగుచేయడమే పనిగా సాగే విద్యను ‘క్రేమాటిస్టికే’ అన్నాడు. సంపద ఒక పనిముట్టు, పనిముట్టుకు కొలత ఉంటుందన్నది ఆయన వాదన. ఇంటి నేర్పుకు ఆ కొలత తెలుసు. రెండోదానికి తెలియదు.

ఎందుకు తెలియదో ఆయన చెప్పిన చోటే నేను ఆగిపోతుంటాను. మనుషులకు బతకాలన్న ఆత్రమే తప్ప బాగా బతకాలన్న ధ్యాస లేదట. ఆత్రానికి అంతు లేదు గనక వస్తువులూ అంతు లేకుండా కావాలి. దురాశను తిట్టిపోసిన వాళ్లెందరో ఉన్నారు గానీ, దాని అడుగున ఉన్న ప్రాణభయాన్ని ఇంత నెమ్మదిగా వేలు పెట్టి చూపినవాళ్లు నాకు అట్టే తగల్లేదు. ముట్టుకున్నదల్లా బంగారమైన మిడాస్‌నూ అక్కడే తలుచుకుంటాడు. అంత ఉండీ ఆకలితో చావాల్సి వస్తే అదేం సంపద?

వైద్యం ఉన్నది ఆరోగ్యానికి, దాన్నీ సొమ్ము దారి పట్టిస్తున్నారని ఆయన బాధ. ఆయన వైద్యుడి కొడుకే మరి. వడ్డీ మీదైతే మరీ కోపం. గ్రీకులో దాని పేరు ‘తోకోస్’, అంటే సంతానం. డబ్బు పిల్లలు పెట్టిందని మనమూ అంటాం, కాస్త మురిపెంగానే. ఆయనకది ప్రకృతి విరుద్ధం. అన్నట్టు, ఇదే పుస్తకంలో బానిసత్వాన్నీ సమర్థించాడు. ఆయన చెప్పిన ఇల్లు ఎవరి చెమటతో నడిచేదో మరిచిపోలేం.

ఆయన పుట్టడానికి దాదాపు 100 ఏళ్ల ముందే ఏథెన్స్‌కు చేతికొచ్చిన సొమ్మును దేనికి వాడాలన్న పరీక్ష ఎదురైంది. క్రీ.పూ. 483 ప్రాంతంలో లారియన్ గనుల్లో వెండి విరివిగా పడింది. తలా 10 డ్రాక్మాలు పంచుకుందామనుకున్నారు. పంచొద్దు, యుద్ధనౌకలు కడదామన్నాడు అక్కడి నాయకుడు థెమిస్టోక్లీస్. జనం ఒప్పుకున్నారు. మూడేళ్లకు సలామిస్ దగ్గర పారశీక నౌకాదళం మీదికి వెళ్లినవి ఆ నౌకలే. చేతికి రావలసిన 10 నాణేలు వదులుకున్న సామాన్యులే వాటిలో తెడ్లు పట్టారు.