మనస్సాక్షికి బజారులో సెలవా?

తపస్సుకాలపు శుక్రవారాల్లో మనం మాంసం మానుకుంటాం. చేపలకు, రొయ్యలకు శ్రీసభ నిషేధం లేదు కనుక కొన్ని ఇళ్ళల్లో ఆ రోజు వాటి కూర వండుకుంటారు. నియమం తప్పలేదన్న మాట నిజమే. అయితే ఆ రొయ్య మన కంచంలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవడం కూడా ఆత్మపరిశోధనలో భాగమేనా? ప్రియ పాఠకులారా, ఈ వారం ఈ ప్రశ్నను గూర్చి ఆలోచిద్దాం.

సరిగ్గా తపస్సుకాలం వచ్చే రోజుల్లోనే, జనవరి నుండి మార్చి వరకు, శ్రీకాకుళం మొదలు నెల్లూరు దాకా మన ఇసుక తీరాలకు ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లి తాబేలు రాత్రివేళ ఇసుక తవ్వి, నూరు గుడ్లకు పైగా పెట్టి, గుంట పూడ్చి తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇది నీటిలో బ్రతికేదే అయినా మనవలె గాలి పీల్చే ప్రాణి. మరబోట్లు ఈడ్చే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి జాబితాలో పులితోపాటు దీనికీ చోటుంది. దీన్ని చంపాలని ఏ మత్స్యకారుడూ వల వేయడు. దీని చావును మనమూ కోరలేదు. ఎవరూ కోరని ఈ చావుకు బాధ్యులెవరు?

మత్స్యకారుడే అనడం తేలిక. ఉపాయం లేకపోలేదు. వల గొంతులో ఒక లోహపు చట్రం అమరిస్తే రొయ్యలు కడ్డీల మధ్యగా సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న ద్వారం గుండా బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక విజ్ఞాన సంస్థ మన జలాలకు తగినట్లు అలాంటిదొకటి తయారుచేసింది. కాని ఆ ద్వారం గుండా కొంత చేప కూడా జారిపోతుందని బోటువారి భయం. చౌకగా కావాలని మనం బేరమాడుతుంటే, ఆ కొద్దిపాటి నష్టాన్ని అతడొక్కడే భరించాలనడం న్యాయమేనా?

కొనేవారి ప్రశ్నకు ఎంత బలముందో మనం చూశాం. ఇలాంటి చట్రం లేని వలలతో పట్టారన్న కారణంగా 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. దూరదేశపు కొనుగోలుదారు అడిగిన ప్రశ్నను తీరానికి దగ్గరగా ఉన్న మనం అడిగామా?

కొనడం కేవలం డబ్బు వ్యవహారం కాదనీ, అది ఎల్లప్పుడూ నైతిక క్రియేననీ 16వ బెనెడిక్ట్ పోపుగారు 2009లో తమ విశ్వలేఖలో బోధించారు. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు సృష్టి సంరక్షణపై వ్రాసిన లేఖలో ఆ మాటనే మళ్ళీ గుర్తుచేశారు. చేసిన కీడుకే కాక, చేయగలిగి చేయని మేలుకు కూడా దివ్యబలిపూజలో మనం క్షమాపణ వేడుకుంటున్నాం గదా!

ఇలా ఆలోచిస్తే ఏ వస్తువూ కొనలేమని కొందరంటారు. పేదవాడి నోటి దగ్గర ముద్దను ప్రశ్నించవద్దని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ సత్యముంది. అన్నీ తెలుసుకొని కొనడం ఎవరి తరమూ కాదు. తెలిసిన మేరకే బాధ్యత, చేతనైన మేరకే బాధ్యత. పండుగకు పావుకిలో రొయ్యలు తెచ్చుకునే కూలి తల్లికీ, పెళ్ళి విందుకు యాభై కిలోలు పురమాయించే ఇంటికీ లెక్క ఒకటి కాదు. ఎక్కువ కొనేవాడే ఎక్కువగా అడగాలి.

అందుచేత ఈ తపస్సుకాలంలో ఒక చిన్న ప్రయత్నం చేద్దాం. ఇవి చెరువువా, సముద్రానివా, ఏ వలతో పట్టారు అని అమ్మేవారిని మర్యాదగా అడుగుదాం. జవాబు రాకపోయినా పదిమంది అడిగిన ప్రశ్న రేవు దాకా వెళుతుంది. తాబేలుకు మేలు చేసే వలతో పట్టిన సరుకు దొరికితే ఓ పది రూపాయలు ఎక్కువైనా ఇద్దాం. ఇంటి నుండి గుడ్డసంచీ తీసుకెళ్దాం. నీటిలో తేలే పాలిథిన్ సంచిని జెల్లీచేప అనుకొని తాబేళ్ళు మింగుతాయి. ఇవేవీ కుదరని వారం రొయ్యలు మాని, పప్పుతో సరిపెట్టుకుంటే అదీ ఉపవాసమే. అలా మానుకున్నది ఇంకొక ప్రాణికి ఊపిరినిస్తుంది.